అక్క గుడ్లకు టెంటు సినిమా కరెంటు

మా ఇంట్లో కరెంటు పోగానే బాపు బయటికొచ్చి ఎదురింటి వైపు చూసేవాడు. వాళ్లకూ పోయిందని తెలిస్తే ఆయనకు సగం నెమ్మది. అవ్వ, అంటే మా అమ్మే, కందిలి దీపం గాజు తుడవడానికి కూర్చునేది. నేను ఏదో ఒక మాట అని తిట్లు తినేవాణ్ని. ఏళ్ల తరబడి ఈ కార్యక్రమం ఇలాగే నడిచింది, ఎవరికీ నష్టం లేదు. అక్క ఆ చెక్కపెట్టె తెచ్చాకే కరెంటు పోతే మా ఇంట్లో ఒకరు పరుగెత్తడం మొదలైంది.

అక్క నాకంటే రెండేళ్లు పెద్దది. హైదరాబాదులో ఆరు వారాలు కోళ్ల పెంపకం నేర్చుకుని, వస్తూ వస్తూ బీరువా అంత చెక్కపెట్టెను లారీలో వేయించుకుని బోధన్‌కు వచ్చింది. లోపల తీగల పళ్లేలు, వాటి కింద వరసగా బల్బులు, ముందు తలుపుకు చిన్న అద్దం, అద్దం వెనక ఎర్రగీత థర్మామీటరు. మూడు వందల గుడ్లు పడతాయి. ఇరవై ఒక్క రోజులు వేడి నూరు ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర నిలబెట్టి, గుడ్లను రోజుకు మూడుసార్లు తిప్పుతూ ఉంటే పిల్లలవుతాయని చెప్పింది.

"గంత తిప్పలెందుకు బిడ్డా, కోడిని కూసోవెడితే అదే చేస్తది గద," అంది అవ్వ.

"మూడు వందల గుడ్లకు ఇరవై అయిదు కోళ్లు గావాలె అవ్వా. అన్నీ ఒక్కదినమే పొదుగుకు రావాలె."

"ముహూర్తం పెట్టిద్దాం," అన్నాను నేను. ఇద్దరూ నావైపు చూడలేదు.

బాపు ఆమెకు బెల్లం అర్ర ఇచ్చాడు. మా చెరకు ఫ్యాక్టరీకి పోవడం మొదలైనప్పటి నుంచి ఇంట్లో బెల్లం వండడం మానేశాం. గానుగ తిప్పే ఆయిల్ ఇంజను దొడ్లో రేకుల కింద పడి ఉంది, అర్ర ఖాళీగా ఉంది. బెల్లం పోయినా వాసన పోలేదు. వాసన ఉన్నన్నాళ్లు చీమలూ పోవు కాబట్టి పెట్టె కాళ్ల కింద నాలుగు నీళ్ల గిన్నెలు పెట్టాం.

మొదటి విడత పద్దెనిమిదో రోజున పోయింది. పొద్దున తొమ్మిదింటికి పోయిన కరెంటు మర్నాడు మధ్యాహ్నానికి గానీ రాలేదు. పెట్టె చుట్టూ గొంగళ్లు కప్పాం. వేడినీళ్ల సీసాలు పెట్టాం. ఇసుక వేయించి మూటలు కట్టాం. మూటలు పెట్టడానికి తలుపు తెరిచిన ప్రతిసారీ, పెట్టిన వేడికంటే పోయిన వేడే ఎక్కువని తర్వాత తెలిసింది. గడువు దాటి రెండు రోజులు చూసి, అక్క ఒక గుడ్డు పగలగొట్టింది. లోపల పిల్ల పూర్తిగా తయారై ఉంది, తడి నూగుతో సహా. మిగిలినవి ఆమె పగలగొట్టలేదు. జామచెట్టు వెనక తనే గుంట తవ్వి పూడ్చింది. నేను అక్కడికి వెళ్లి ఏదో అనబోయి, ఆమె పార పట్టుకున్న తీరు చూసి వెనక్కి వచ్చేశాను. నేను నోటిదాకా వచ్చిన మాటను మింగడం మా ఇంట్లో అదే మొదటిసారి.

ఆ గుడ్లు మావి కావు. మోస్రా, వర్ని వైపు ఊళ్లలో ఆడవాళ్లు ఇచ్చినవి. సగం పిల్లలు వాళ్లకు, సగం అక్కకు అని మాట. అక్క మళ్లీ ఇల్లిల్లూ తిరిగి జరిగింది చెప్పింది. ఎందుకో తెలియదు, వాళ్లు రెండోసారి కూడా ఇచ్చారు. మూడోసారి అడగడానికి తనకు మొహం చెల్లదని అక్కే అంది.

బాపు మాట కూడా దాదాపు అదే. "ఇంకొక్కపాలి సూడు బిడ్డా. గప్పటికి గూడ కాకుంటే అర్ర ఇడిసిపెట్టు. వేల్పూర్ల మీ మామ పసుపు పోయనీకి జాగ లేదని అడుగుతుండు." అని, మళ్లీ తనే, "కరెంటు సంగతి నాకిడువు. పోయిననాడు మన కరెంటు మనమే పుట్టిద్దాం," అన్నాడు.

ఇంటర్ ఫిజిక్సులో ఒకసారి తప్పి ఇంట్లో కూర్చున్నవాణ్ని గనక విద్యుత్ వ్యవహారం నా చేతికొచ్చింది. బాపూ నేనూ బస్సెక్కి నిజామాబాద్ పోయాం.

మిషన్ల దుకాణం సేటు మర్యాదస్తుడు. ఇంట్లో మరాఠీ, దుకాణంలో తెలుగు, కోపం వస్తే ఉర్దూ. మాకు చాయ్ తెప్పించి, మందంగా ఉన్న పుస్తకం ఒకటి తెరిచాడు.

"లోడెంత ఉంటది పటేల్‌సాబ్?"

"మూడు వందలు," అన్నాడు బాపు.

"మూడు వందల వాట్లా?"

"మూడు వందల గుడ్లు."

సేటు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. పుస్తకంలో గుడ్ల లెక్క లేనట్టుంది, మూసేశాడు. పెట్టెలో ఎన్ని బల్బులున్నాయని నన్నడిగాడు. పన్నెండన్నాను. తర్వాత పధ్నాలుగేమో అన్నాను. ఆయన ఇక నన్నేమీ అడగలేదు.

ముందుగా ఒక పెట్రోలు జెనరేటర్ చూపించాడు. ఎర్రగా, నున్నగా, మేకపిల్లంత ఉంది. తాడు లాగితే చాలు, సన్నగా పాట అందుకుంది. నాకు నచ్చింది. బాపు దాన్ని ఒంటిచేత్తో లేపి చూసి కింద పెట్టాడు. అంతటితో దాని కథ ముగిసింది.

"నేను లేపితే లేసే మిషిను మన ఇంటినేం లేపుతది?" అన్నాడు నాతో, సేటుకు వినపడేలాగే.

సేటు అర్థం చేసుకుని మమ్మల్ని దుకాణం వెనక్కి తీసుకుపోయాడు. అక్కడ గోనెసంచి కింద ఒక డైనమో ఉంది. వర్ని చుట్టుపక్కల తిరిగి తిరిగి మూతపడ్డ టెంటు సినిమా తాలూకు సామాను. బాపు దాన్ని కాలితో తోశాడు. అది కదల్లేదు. బాపు మొహంలో వెలుగు వచ్చింది. ఆ డైనమో మాకిచ్చిన మొట్టమొదటి వెలుగు అదే, చాలా రోజుల వరకు చివరిది కూడా.

"దీనికి ఇంజన్ మీది మీరే పెట్టుకోవాలె," అన్నాడు సేటు.

"ఉంది. చెరకు ఇంజన్."

"బల్బులు మంచిగ కాలుతయి. ఫ్యాన్ తిరగది. గా కరెంటు వేరు, గీ కరెంటు వేరు."

బాపు నావైపు తిరిగాడు. "ఏందిరా, కరెంటుల గూడ మనోళ్లు, పైవాళ్లు ఉంటరా?"

ఉంటాయన్నాను. ఏది ఏదో నాకూ తెలియదు. తలమాత్రం రెండుసార్లు ఊపాను, సేటు కూడా ఊపాడు. బేరం కుదిరింది.

డైనమో ట్రాక్టర్ తొట్టిలో మా ఇంటికి చేరేసరికి పెట్టెలో గుడ్లు పెట్టి ఎనిమిది రోజులైంది. ఏరి తెచ్చిన గుడ్లు వారం దాటితే పనికిరావు గనక అక్క ఆగలేకపోయింది. "సోమారం కల్ల కరెంటు పుట్టిస్త," అని బాపు ఇచ్చిన మాట మీద పెట్టేసింది.

బిగించడానికి మిస్త్రీ వచ్చాడు. బోధన్ నుంచి మోస్రా దాకా ఎవరి పొలంలో గానుగ తిరిగినా ఈ ముసలాయన చేతి మీదుగానే తిరిగింది. రేకుల కింద రెండు తుమ్మ దూలాలు పాతి, ఒకదాని మీద ఇంజను, ఒకదాని మీద డైనమో కూర్చోబెట్టాడు. ఇంజను మొహం తూర్పుకు ఉండాలని అవ్వ పట్టుబట్టింది. ఇంజనుకు మొహం ఎటుంటుందని నేనడిగితే ఇద్దరికీ కోపం వచ్చింది. చివరికి పొగగొట్టం పడమటికి తిప్పితే మొహం తూర్పుకు ఉన్నట్టేనని మిస్త్రీ తేల్చాడు.

ఆ తర్వాత ఇంజను చక్రం నుంచి డైనమో చక్రానికి తోలుబెల్టు ఎక్కించాడు. మధ్యలో ఒక మెలి పెట్టి, ఎనిమిది అంకెలాగ. గానుగకు ఎప్పుడూ అలాగే ఎక్కించేవాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాం గనక మాలో ఎవరికీ అది మెలి అనే అనిపించలేదు. బెల్టంటేనే అలా ఉంటుంది.

ఇక పూజ. కొత్త ఇనుము ఇంటికొస్తే బొట్టు పెట్టకుండా తిప్పకూడదని అవ్వ నియమం. పుట్టింటి నుంచి వచ్చిన వేల్పూరు పసుపు నూనెలో కలిపి తెచ్చి, డైనమో చుట్టూ తిరిగి, "యాడ పెట్టాల్రా?" అంది.

దాని పక్కన, చక్రానికి కాస్త పైన, ఇనుములోనే పోత పోసిన చిన్న బాణం గుర్తు నాకు కనిపించింది. కంపెనీవాళ్ల ముద్ర అనుకున్నాను. అగ్గిపెట్టె మీద గుర్రం ఉంటుంది, సబ్బు మీద పువ్వు ఉంటుంది, దీని మీద బాణం ఉంది.

"ఇగో అవ్వా, కంపెనోడే జాగ చూసి పెట్టిండు," అన్నాను.

అవ్వ అక్కడ అరచేయి మందాన పసుపు పూసి, మధ్యలో కుంకుమ పెట్టింది. కొబ్బరికాయ కొట్టాం. మిస్త్రీ ఇంజను హ్యాండిల్ తిప్పాడు. డుక్కు డుక్కుమని రేకులు అదిరాయి. బెల్టు పట్టుకుంది. డైనమో చక్రం గిర్రున తిరిగింది. చూరుకు వేలాడదీసిన బల్బు వైపు ఇంటిల్లిపాదీ మెడలెత్తి చూశాం.

బల్బు వెలగలేదు.

"సినిమా శురూ అయ్యే ముందు లైట్లు బందు చేస్తరు గద, గందుకేనేమో," అన్నాను. బాపు చేతిలో కొబ్బరి చిప్ప ఉంది, విసరలేదు. అక్క మాత్రం గుడ్లు తిప్పే వేళయిందని అర్రలోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాతి వారం రోజులు నాకు ఇప్పటికీ వరసగా గుర్తులేవు. బల్బు మార్చాం. ఇంకో బల్బు మార్చాం. ఆ రెండు బల్బులూ ఇంట్లో పెడితే సుబ్బరంగా వెలిగాయి. మిస్త్రీ డైనమో మూత తీసి లోపలి బొగ్గుముక్కలు మార్చాడు. తెలిసిన వైర్‌మన్ ఒకాయన వచ్చి భూమికి తీగ సరిగ్గా పోలేదన్నాడు. దొడ్లో గుంట తీసి ఉప్పు, బొగ్గు పోసి, పొద్దునా సాయంత్రం నేను బిందెడు నీళ్లు పోసేవాణ్ని. బల్బు వెలగలేదు గానీ, పక్కనున్న మిరపచెట్టు ఉప్పుకు ఎండిపోయింది. వేగం చాలట్లేదని బాపు, ఎక్కువైందని మిస్త్రీ. వేగం పెంచితే రేకులు ఎగిరాయి, తగ్గిస్తే ఇంజను దగ్గి ఆగింది. అవ్వ ఎర్ర మిరపకాయలతో డైనమోకు దిష్టి తీసింది. సేటుకు కబురు పెడితే, టెంటు సినిమా చివరాట దాకా ఆ డైనమో ఆగకుండా తిరిగిందని, తన మాట మీద నమ్మకం లేకపోతే సినిమా చూసినవాళ్లను అడగమని చెప్పి పంపాడు.

నేను నా ఫిజిక్సు పుస్తకం దుమ్ము దులిపాను. అయస్కాంతం మధ్య తీగచుట్టను తిప్పితే కరెంటు పుడుతుందని ఉంది. మాది తిరుగుతోంది. పుట్టడం లేదు. పుస్తకం అబద్ధమా, డైనమో అబద్ధమా తెలియలేదు. తర్వాతి పేజీలో ఇంకేదో ఉంది గానీ అది పరీక్షకు నేను వదిలేసిన పాఠం, పాత అలవాటుకొద్దీ అప్పుడూ వదిలేశాను.

అక్క ఈ గొడవలోకి రాలేదు. రోజుకు మూడుసార్లు గుడ్లు తిప్పేది. మధ్యలో రేకుల దగ్గరికొచ్చి మేం ఏం చేస్తున్నామో చూసి వెళ్లేది. ఒకసారి మాత్రం నన్ను పక్కకు పిలిచి, "నిజం చెప్పు, ఇది అయితదా?" అంది. అవుతుందన్నాను. సేటు దగ్గర ఊపినట్టే తల ఊపాను.

పదిహేడో రోజు పొద్దున పదకొండింటికి కరెంటు పోయింది.

బాపు ఎదురింటి వైపు చూడలేదు. మనిషిని పంపి మిస్త్రీని పిలిపించాడు. పెట్టె మీద గొంగళ్లు కప్పాం, ఈసారి తలుపు ఎవరూ తెరవకూడదని అక్క అవ్వను అద్దం దగ్గర కూర్చోబెట్టింది. అవ్వకు అంకెలు రావు. అందుకని ఎర్రగీత ఎంత దిగితే అంత కేకేసి చెప్పమంది. మిస్త్రీ వచ్చి ఇంజను తిప్పాడు. డుక్కు డుక్కు. చక్రం గిర్రున తిరిగింది. పెట్టెకు తీగ కలిపాం. చీకటి.

"బియ్యపు గింజంత దిగింది," అని అర్రలోంచి అవ్వ కేక.

మిస్త్రీ మళ్లీ మూత విప్పబోయాడు. అక్క ఆ చప్పుడులో నిలబడి, డైనమోను కాదు, బెల్టును చూస్తోంది.

"మిస్త్రీ, ఈ బెల్టుకు మెలెందుకు?"

"మెలి లేకుంటే జారుతది బిడ్డా. మెలి ఉంటే చక్రాన్ని గట్టిగ పడుతది. ముప్పై ఏండ్ల సంది గిట్లనే ఎక్కిస్తున్న."

"గానుగకు గద."

"ఆఁ, గానుగకే."

"ఇది గానుగ కాదు గద."

అక్క తన కుట్టుమిషను గురించి చెప్పింది. దాని బెల్టుకు మెలి లేదు. చక్రాన్ని ముందుకు తొక్కితే కుట్టు పడుతుంది. పొరపాటున వెనక్కి తొక్కితే సూది ఆడుతూనే ఉంటుంది, చప్పుడూ వస్తుంది, కుట్టు మాత్రం పడదు, దారం తెగుతుంది.

"మెలి పెడితే ఇది ఉల్టా తిరుగుతలేదా? దీనికి గూడ గిటే తిరగాలె అని ఒకటుంటదేమో."

"ఉంటే మీద గుర్తు పోస్తరు బిడ్డా. బాణం లెక్క. నేను మొత్తం చూసిన, దీనికి లేదు."

ఇంజను మోగుతూనే ఉంది. నాకు మాత్రం ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైపోయినట్టనిపించింది. భుజం మీది తువాలు తీసి డైనమో దగ్గరికి వెళ్లాను. పసుపు ఇనుము వేడికి, నూనెకు గట్టిపడి గచ్చులా అయింది. ఇంజను ఆపించి, తువాలుతో కాక గోరుతో, గోరుతో కాక మిస్త్రీ సంచిలోని స్క్రూడ్రైవర్‌తో గీకాను. కుంకుమ పోయింది, పసుపు పొరలు పొరలుగా రాలింది, కింద బాణం. మేం తిప్పుతున్నది ఎడమకు, అది చూపిస్తున్నది కుడికి.

మిస్త్రీ బాణాన్ని చూశాడు, బెల్టును చూశాడు. బాపు బాణాన్ని చూసి నన్ను చూశాడు.

"ఇంకో గింజ దిగింది," అంది అవ్వ.

మెలి తీసేస్తే బెల్టు వదులైపోయింది. జానెడు కోసేసి మళ్లీ కుట్టాలి. మిస్త్రీ కత్తితో కోసి రెండు చివరలకూ రంధ్రాలు పొడిచాడు. తోలుపట్టీతో కుట్టడానికి ఆయన కళ్లకు ఆనలేదు. అక్క కింద కూర్చుని, పాదాలతో బెల్టును అదిమిపట్టి కుట్టింది. నేను చివరలు దగ్గరికి లాగి పట్టుకున్నాను. ఒక చివర నా పట్టులోంచి జారింది. "సక్కగ పట్టు," అంది, ఒక్కసారే. అర్రలోంచి గింజలు లెక్కకొస్తూనే ఉన్నాయి. ఆరో గింజ దగ్గర అవ్వ కేకేయడం మానేసింది, దాంతో ఇంకా భయమేసింది.

బెల్టు తిన్నగా ఎక్కింది. మిస్త్రీ హ్యాండిల్ తిప్పాడు. ఇంజను అందుకుంది. బల్బులో మొదట ఏమీ లేదు. నేను ఆ బల్బును చూడలేక కింద తుమ్మ దూలాన్ని చూశాను. తల ఎత్తేసరికి గాజు లోపల ఎర్రటి దారం ఒకటి కనిపించింది. అది పసుపయింది. తర్వాత కళ్లు చెదిరేంత తెల్లగా అయింది. బాపు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అక్క అదేమీ చూడలేదు, ఎర్ర దారం కనపడగానే అర్రలోకి పరుగెత్తింది.

ఎర్రగీత తొంభై ఒకటి దగ్గర ఆగింది. మళ్లీ నూరుకు ఎక్కడానికి గంటన్నర పట్టింది. ఆ చలికి గుడ్లకు ఏమైందో ఎవరం చెప్పలేం. పగలగొట్టి చూద్దామని ఎవరూ అనలేదు. ఊరి కరెంటు సాయంత్రం దీపాలవేళకు వచ్చింది. అయినా బాపు కాసేపటిదాకా ఇంజను ఆపనివ్వలేదు.

పద్దెనిమిదో రోజు నుంచి గుడ్లు తిప్పకూడదు. అక్కకు చేతిలో పని లేకపోయింది. అద్దం ముందు పీట వేసుకుని కూర్చునేది. ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం దాకా పెట్టెలో ఏ కదలికా లేదు. బాపు రెండుసార్లు గుమ్మందాకా వచ్చి, లోపలికి రాకుండా వెళ్లిపోయాడు. సాయంత్రం నాలుగింటికి అక్క చెయ్యెత్తి అందర్నీ మాట్లాడొద్దంది. పెట్టెలోంచి గోటితో పలక గీకినట్టు సన్నటి చప్పుడు. ఒక గుడ్డుకు చీలిక. దాని పక్కన ఇంకోటి.

మర్నాటికి రెండు వందల పైచిలుకు పిల్లలు. బెల్లం అర్ర చెవులు పగిలిపోయేంత మోగింది. ఆ రెండు రోజులూ ఊరి కరెంటు ఒక్క నిమిషం పోలేదు. ఇంజనులో డీజిల్ నింపి, పక్కనే మంచం వేసుకుని కూర్చున్న బాపు ఎంతో నిరాశపడ్డాడు. చివరికి లేచి వచ్చి గుమ్మంలో నిలబడి, పిల్లల్ని చూసి, "పసుపు వేల్పూర్లనే ఉండనీ," అని వెళ్లిపోయాడు. అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. గింజల దుమ్ము పడిందంది.

నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అదే ఇనుము, అదే తీగ, కుడికి తిప్పితే పుట్టే కరెంటు ఎడమకు తిప్పితే ఎందుకు పుట్టదు? మిస్త్రీని అడిగాను.

"చెరకు గానుగను ఉల్టా తిప్పి సూడు, రసం వస్తదా?" అన్నాడు. అది జవాబో కాదో తెలియలేదు గానీ నా పుస్తకంలో ఉన్నదానికంటే నయం. ఆయన ఇప్పుడు ఏ మిషను బిగించడానికి వెళ్లినా ముందు నేనున్నానేమో చూసి, తర్వాత పసుపు గిన్నె ఎక్కడుందో అడుగుతాడట.

పిల్లల్ని బుట్టల్లో మోస్రాకు పంపిన రోజు అక్క ఎర్ర రంగు డబ్బా తెచ్చి బాణానికి రంగు వేసింది. నేను పక్కనే నిలబడ్డాను. కుంచె ఆపకుండానే అడిగింది.

"నువ్వు దీన్ని ముందుగాలనే చూసినవా?"

"చూసిన."

"మరి?"

నా దగ్గర మూడు మాటలు సిద్ధంగా ఉన్నాయి. మూడూ మంచివే. మూడూ మింగాను. "కంపెనీ గుర్తనుకున్న," అన్నాను.

అక్క రంగు ఆరే దాకా దాన్నే చూసింది. తర్వాత, "వచ్చే ఐతారం కొత్త గుడ్లు పెడుతున్న. ఇగ తిప్పుడు పని నీది. దినాం మూడుసార్లు," అంది.

"ఎటు తిప్పాలె?" అన్నాను.

అక్క నవ్వింది, చాలా రోజుల తర్వాత. నేను మాత్రం నిజంగానే అడిగాను.